ఫార్ములాలు తెలుసు, డేటా ముందు పెడితే చేయి ఆగిపోతోంది

ప్రశ్న: నేను కరీంనగర్‌లో బి.కాం. కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఎక్సెల్ కోర్సు పూర్తి చేసి సర్టిఫికెట్ కూడా తీసుకున్నాను. అయితే ఎంఐఎస్ (కంపెనీ డేటాతో నివేదికలు తయారు చేసే) ఉద్యోగానికి పెట్టిన పరీక్షలో రెండు షీట్లు ఇచ్చి నెలవారీ నివేదిక తయారు చేయమన్నప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. ఇంకా పెద్ద కోర్సులో చేరాలా? మా ఇంట్లోని ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ కూడా లేదు.

జవాబు: ఇప్పట్లో మరో కోర్సుకు డబ్బు కట్టవద్దని నా సలహా. శిక్షణ తరగతుల్లో ఇచ్చే ఫైళ్లు ముందుగానే శుభ్రం చేసి ఉంటాయి; ఏ ఫార్ములా వాడాలో పాఠం పేరులోనే తెలిసిపోతుంది. ఆఫీసుకు వచ్చే డేటా ఒకరు ఒక పద్ధతిలో, ఇంకొకరు మరో పద్ధతిలో నింపినది కాబట్టి, ఫార్ములా రాయడానికి ముందు దాన్ని చదివి, సరిచేసి, ఏ ప్రశ్నకు జవాబు వెతకాలో నిర్ణయించుకోవలసి ఉంటుంది. మీకు కొరవడింది ఆ అభ్యాసమే. అది మీకు అర్థమైన విషయానికి సంబంధించిన అసలు డేటాను తీసుకుని, మొదటి నుంచి చివరి వరకు ఒంటరిగా పని చేసినప్పుడే వస్తుంది.

మీ జిల్లాలోనే జమ్మికుంట పత్తి మార్కెట్ ఉంది. కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ పోర్టల్‌లో మార్కెట్ల వారీగా, తేదీల వారీగా సరుకు రాక, కనిష్ఠ, గరిష్ఠ ధరలు, మోడల్ ధరలు (ఆ రోజు ఎక్కువగా పలికిన ధరలు) దొరుకుతాయి. జమ్మికుంటతో పాటు వరంగల్ మార్కెట్ పత్తి ధరలను కూడా రెండు మూడు సీజన్లకు తీసుకుని ఒకే షీట్‌లో పెట్టండి. రెండో షీట్‌లో పొడవు పింజ పత్తి కనీస మద్దతు ధరలను రాయండి: క్వింటాలుకు 2023-24లో రూ. 7,020, 2024-25లో రూ. 7,521, 2025-26లో రూ. 8,110. ఇక మీ ప్రశ్న ఇది: ఏ నెలలో, ఏ మార్కెట్‌లో, రైతుకు మద్దతు ధర కంటే తక్కువ దక్కింది?

మొదటి చిక్కు తేదీల దగ్గరే వస్తుంది. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో అమర్చి ఉంటే, ఏప్రిల్ 3 అన్న ఉద్దేశంతో రాసిన 03/04/2024ను అది మార్చి 4గా తీసుకుంటుంది. 13/04/2024ను మాత్రం తేదీగా గుర్తించలేక అక్షరాలుగానే వదిలేస్తుంది. అంటే ప్రతి నెలలో మొదటి పన్నెండు రోజుల తేదీలు చడీచప్పుడు లేకుండా తారుమారవుతాయి, మిగిలినవి లెక్కలోకే రావు. సెల్‌లో ఎడమవైపు ఒదిగి ఉన్న తేదీలు కనిపిస్తే అనుమానించండి. 'టెక్స్ట్ టు కాలమ్స్'లో రోజు, నెల, సంవత్సరం అనే క్రమాన్ని ఎంచుకుని దిగుమతి చేసుకుంటే ఈ ఇబ్బంది తీరుతుంది. మార్కెట్ పేర్ల చివర కనిపించని ఖాళీలు ఉంటాయి. ట్రిమ్ ఫంక్షన్ మామూలు ఖాళీలను తీసేస్తుంది కానీ, వెబ్ నుంచి కాపీ చేసినప్పుడు వచ్చే ప్రత్యేకమైన ఖాళీ 160వ నంబరు అక్షరం కావడంతో దాన్ని సబ్‌స్టిట్యూట్‌తో తొలగించాలి. మార్కెట్‌కు సెలవైన రోజును సున్నాతో నింపకండి. సున్నా కూడా ఒక ధరగా సగటులోకి చేరిపోతుంది. ఒక వరుసలో ఒక రోజు, ఒక మార్కెట్, ఒక రకం మాత్రమే ఉండాలి. మెర్జ్ చేసిన సెల్స్, మధ్యలో ఖాళీ వరుసలు, ప్రతి నెల చివర మొత్తాలు ఉండకూడదు.

తర్వాత ప్రతి తేదీ పక్కన ఆ సీజన్ మద్దతు ధరను తెచ్చుకోవాలి. ఒక పట్టికలో వెతికి పక్క కాలమ్‌లోని విలువను తెచ్చే వి-లుకప్‌లో నాలుగో విలువను వదిలేస్తే అది సుమారు సరిపోలికను తీసుకుంటుందని, పేర్లను వెతికేటప్పుడు అది తప్పు జవాబును కూడా నమ్మకంగా చూపిస్తుందని మీకు చెప్పే ఉంటారు. అందుకే అక్కడ 'ఫాల్స్' అని రాయడం అలవాటు చేస్తారు. కానీ ఇక్కడ కావలసింది ఆ సుమారు సరిపోలికే. పత్తి సీజన్ అక్టోబరు 1న మొదలవుతుంది కాబట్టి, మద్దతు ధరల పట్టికలో ప్రతి సీజన్ మొదటి తేదీని పాత నుంచి కొత్తకు వరుసలో పేర్చితే, ఏ తేదీ ఇచ్చినా అది ఏ సీజన్‌లోకి వస్తుందో ఫంక్షనే తేలుస్తుంది. ఒకే ఫంక్షన్ ఒకచోట ఒకలా, మరోచోట మరోలా ఎందుకు వాడాలో మీ మాటల్లో చెప్పగలిగితే, పరీక్ష పెట్టేవారికి మీ స్థాయి వెంటనే తెలుస్తుంది.

ఇప్పుడు పివట్ టేబుల్ (వరుసలను గుంపులు చేసి మొత్తాలు, సగటులు చూపే పట్టిక) వేసి నెలవారీ సగటు ధర చూస్తారు. ఇక్కడ తప్పకుండా ఆగి ఆలోచించండి. 2023-24 సీజన్‌లో ఒక నెలలో రెండు రోజులే వ్యాపారం జరిగిందని అనుకుందాం. ఒక రోజు 100 టన్నులు క్వింటాలు రూ. 6,900కు, ఇంకో రోజు 10 టన్నులు రూ. 7,500కు అమ్ముడైతే, మామూలు సగటు రూ. 7,200 వస్తుంది, ధర మద్దతు కంటే మెరుగ్గా ఉన్నట్లు నివేదిక చెబుతుంది. సరుకు పరిమాణాన్ని బట్టి సగటు తీస్తే వచ్చేది రూ. 6,955 మాత్రమే, అంటే మద్దతు ధర కంటే తక్కువ. పంటలో ఎక్కువ భాగం అమ్ముడైన ధర ఏదో ఈ రెండో అంకె చెబుతుంది. సమ్‌ప్రొడక్ట్‌తో ప్రతి రోజు ధరను ఆ రోజు రాకతో గుణించి కూడి, మొత్తం రాకతో భాగిస్తే ఇది వచ్చేస్తుంది. రాక టన్నుల్లో, ధర క్వింటాళ్లలో ఉన్నా సగటుకు ఇబ్బంది లేదు. మొత్తం వ్యాపారం విలువ కట్టేటప్పుడు మాత్రం పదితో గుణించడం మరచిపోకూడదు. ఏ సగటు తీయాలన్న నిర్ణయం ఏ మెనూలోనూ దొరకదు. మీ వాణిజ్యశాస్త్ర చదువు అక్కరకు వచ్చేది ఇలాంటి చోటే.

మీరు బి.కాం. విద్యార్థిని కాబట్టి రెండో అభ్యాసంగా కొనుగోలు రిజిస్టర్‌ను జీఎస్టీఆర్-2బితో (సరఫరాదారులు చూపిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే నెలవారీ పట్టికతో) సరిపోల్చే పనిని తీసుకోండి. 2022 జనవరి 1 నుంచి, సరఫరాదారు చూపిన ఇన్వాయిస్ 2బిలో కనిపిస్తేనే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (కొనుగోలుపై కట్టిన పన్నును మినహాయించుకునే వీలు) దక్కుతుంది కనుక, ప్రతి అకౌంట్స్ విభాగంలోనూ నెలనెలా ఈ పని ఉంటుంది. మీరే ఊహించి ఓ యాభై బిల్లులతో రెండు షీట్లు తయారు చేసి, కావాలనే కొన్ని తేడాలు పెట్టండి. ఇన్వాయిస్ నంబరు ఒక్కటే చూసి పోల్చితే వేర్వేరు వ్యాపారుల 12వ నంబరు బిల్లులు కలిసిపోతాయి; అందుకని జీఎస్టీఐఎన్‌ను (వ్యాపారి జీఎస్టీ నమోదు సంఖ్యను), ఇన్వాయిస్ నంబరును కలిపి సహాయక కాలమ్ ఒకటి చేసుకోండి. జీఎస్టీఐఎన్‌లో 15 అక్షరాలు ఉన్నాయో లేదో లెన్‌తో, రెండుసార్లు నమోదైన బిల్లులను కౌంట్‌ఇఫ్స్‌తో చూడండి. మొదటి రెండు అంకెలు 36 అయితే తెలంగాణ, 37 అయితే ఆంధ్రప్రదేశ్ అని లెఫ్ట్ ఫంక్షన్‌తోనే వేరు చేయవచ్చు. పన్ను మొత్తంలో రూపాయి లోపు తేడాను తేడాగా లెక్కించకుండా ఫార్ములా రాయగలిగారంటే, ఇంటర్వ్యూలో చెప్పుకోదగిన పని మీ చేతిలో ఉన్నట్లే.

ఏ నివేదిక అయినా ఇచ్చే ముందు సరిచూసుకోవడం పనిలో భాగంగానే పెట్టుకోండి. పివట్‌లోని మొత్తం, అసలు షీట్‌లోని మొత్తం ఒకటేనా? వరుసల సంఖ్య తగ్గిందా? మూల డేటా మార్చాక పివట్‌ను రిఫ్రెష్ చేశారా? 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అనే పేరున్న ఆర్థికవేత్తలు దేశాల అప్పులకు, వృద్ధికి ఉన్న సంబంధంపై ఒక పత్రం ప్రచురించారు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న థామస్ హెర్న్‌డన్ వారి స్ప్రెడ్‌షీట్‌ను తెప్పించుకుని చూస్తే, సగటు ఫార్ములాలో ఎంచుకున్న పరిధి చాలక ఐదు దేశాలు లెక్కలోకి రాలేదని 2013లో బయటపడింది. సగటు తీసిన విధానం మీద కూడా ఆయన బృందం అభ్యంతరం చెప్పింది. ఇతరులు చేసిన లెక్కను మళ్లీ మొదటి నుంచి చేసి చూడడం కూడా మంచి అభ్యాసమే; ప్రభుత్వ నివేదికల్లోని ఒక పట్టికను తీసుకుని అదే అంకె మీకూ వస్తుందేమో ప్రయత్నించండి.

ఎక్సెల్ లేదన్న దిగులు వద్దు. లిబ్రేఆఫీస్ కాల్క్ ఉచితం. గూగుల్ షీట్స్, బ్రౌజర్‌లో వాడే ఎక్సెల్ కూడా ఖాతా ఉంటే ఉచితంగానే లభిస్తాయి. పైన చెప్పిన పనులకు ఇవి సరిపోతాయి. పాత ఎక్సెల్ 2016, 2019లలో వి-లుకప్‌కు కొత్త రూపమైన ఎక్స్-లుకప్ ఉండదు కాబట్టి, అదే పని చేసే ఇండెక్స్, మ్యాచ్ ఫంక్షన్ల జంటను కూడా నేర్చుకుని పరీక్షకు వెళ్లండి. రెజ్యూమెలో 'అడ్వాన్స్‌డ్ ఎక్సెల్' అని రాయడానికి బదులు, పత్తి ధరల ఫైలు లింకును ఇచ్చి, దాని మొదటి షీట్‌లో డేటా ఎక్కడిది, ఏమేం సరిచేశారు, ఏ సగటును ఎందుకు ఎంచుకున్నారు అన్నది పది వాక్యాల్లో రాసి పెట్టండి.