అరబియాటాకి పోపు పెట్టకండి

"ఉల్లిపాయలు వేయించి, కారం వేసి, టమాటాలు మగ్గించి అరబియాటా సాస్ ఎన్నిసార్లు చేసినా రెస్టారెంట్ రుచి రావట్లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నాను?" అని అడిగారు. రానందుకు ముందు సంతోషించండి. మన దగ్గర చాలా రెస్టారెంట్లలో ఆ పేరుతో పెట్టేది టమాటా కెచప్‌కి అన్నయ్య. అందులో క్యాప్సికమ్, స్వీట్‌కార్న్, చక్కెర, చాలదన్నట్టు పైన క్రీము. మెనూలో 'అరేబియాటా' అని చూసి అరబ్బుల వంటేమో అనుకున్నవాళ్లు నాకు తెలుసు. ఇటాలియన్‌లో ఆ మాటకి కోపంగా ఉన్నది అని అర్థం. పాస్తాలో కలుపుకునే రోమ్ వైపు టమాటా సాస్ ఇది, మిరపకాయ కారాన్ని బట్టి వచ్చిన పేరు. చక్కెర, క్రీము వేసి బుజ్జగించాక ఇక కోపం ఎక్కడుంటుంది?

నాకీ వంట వచ్చింది దగ్గి దగ్గి. రోమ్‌లో చదువుకునేటప్పుడు శాన్ లొరెంజోలో నలుగురం ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. ఒకడిది కలాబ్రియా, ఇటలీ మ్యాప్‌లో బూటు కొస. మిరపకాయ విషయంలో వాళ్లకి మన గుంటూరు వాళ్లకున్నంత పొగరు. సెలవులకి ఇంటికెళ్లినప్పుడల్లా చిన్న చిన్న ఎండు మిరపకాయలు దండ గుచ్చి తెచ్చి వంటింట్లో మేకుకి తగిలించేవాడు. నా దగ్గరేమో అమ్మ కట్టిచ్చిన గుంటూరు కారం రెండు కిలోలు. ఒక ఆదివారం పౌరుషానికి పోయి "ఇవాళ అరబియాటా నాది" అన్నాను.

మన చేతికి అలవాటైంది ఒకటే కదా. నూనె పొగలొచ్చేదాకా కాగనిచ్చి, దంచిన వెల్లుల్లి వేసి, చుయ్‌మనగానే రెండు చెంచాల కారం పడేశాను. అరనిమిషంలో వెల్లుల్లి నల్లబడింది, కారం మాడింది, ఘాటు ఇల్లంతా కమ్మేసింది. నలుగురం దగ్గుతూ తుమ్ముతూ బాల్కనీలోకి పరుగు. డిసెంబర్ చలి, ఒంటి మీద స్వెట్టర్ కూడా లేదు. కింది ఫ్లాట్ పెద్దావిడ కిటికీలోంచి ఏదో అరిచింది. నాకప్పటికి ఇటాలియన్ అంతగా రాదు కానీ తిట్టని మాత్రం తెలిసిపోయింది.

మా కలాబ్రియా వాడు ఆ మాడు గిన్నె నా చేతే తోమించి, మళ్లీ పొయ్యి దగ్గర నిలబెట్టాడు. పొయ్యి వెలిగించకముందే చల్లటి ఆలివ్ నూనెలో వెల్లుల్లి రెబ్బలు వేశాడు. ఆ తర్వాత సన్నమంట. నూనె నెమ్మదిగా వేడెక్కుతుంటే రెబ్బల చుట్టూ సన్నటి బుడగలు లేచాయి. ఆగలేక రెండుసార్లు మంట పెంచబోయాను, రెండుసార్లూ నా చెయ్యి తీసేశాడు. అంచులు లేత బంగారు రంగుకి తిరిగాక రెండు మిరపకాయలు చిదిమి వేసి, పది లెక్కపెట్టి, చేత్తో నలిపిన టమాటాలు పోసేశాడు. మిరపలో కారం కరిగేది నూనెలో, నీళ్లలో కాదు. అందుకే అది ముందు నూనెకి తగలాలి, కానీ మాడకూడదు. పావుగంట ఉడికాక చివర్లో పార్స్‌లీ ఆకు. అంతే. "ఉల్లిపాయేదిరా?" అన్నాను. పులిహోరలో ఉల్లిపాయ వేసినవాళ్లని మనం ఎలా చూస్తామో అలా చూశాడు.

మీరు చేస్తున్నది కూడా పోపే. బాగానే ఉంటుంది, కానీ అది టమాటా కూర. కారం పొడి పక్కన పెట్టి ఎండు మిరపకాయ తుంచి వేయండి. ఇక టమాటాల సంగతి. మన మార్కెట్లో దొరికే గట్టి హైబ్రిడ్ కాయలు లారీ ప్రయాణానికి పుట్టినవి, వంటకి కాదు. బాగా పండిన నాటువి తెచ్చుకోండి. పుల్లగా అనిపిస్తే ఇంకో ఐదు నిమిషాలు ఉడికించండి గానీ చక్కెర జోలికి పోకండి. శాన్ మర్జానో అనే ఇటలీ టమాటాల డబ్బా కొందామా అంటే, ఆ ధర చూస్తే అరబియాటా అయ్యేది మనమే.

పాస్తా ఉడికాక చన్నీళ్లతో కడిగేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పైనున్న ఆ పిండి పోతే సాస్ దేనికి అంటుకోవాలి? 100 గ్రాముల పెన్నేకి, అంటే గొట్టాల్లాంటి పాస్తాకి, లీటరు నీళ్లు, 10 గ్రాముల ఉప్పు. ప్యాకెట్ మీద చెప్పిన టైముకి ఒకటి రెండు నిమిషాల ముందే తీసి, పాస్తా ఉడికిన నీళ్లే ఒక గరిటెడు కలిపి సాస్‌లోనే పూర్తిగా ఉడకనివ్వండి. పైన గొర్రెపాల చీజ్ పెకొరినో తురుము ఉంటే వేసుకోండి, లేకపోతే మానేయండి. చీజ్ స్లైసులు, పిజ్జాతో మిగిలిన ఒరేగానో పొట్లాలు మాత్రం ఇందులో గుమ్మరించకండి.

మిగిలిన సాస్ మర్నాడు నేను దోసెలోకి నంజుకుంటాను. కలాబ్రియా వాడికి ఇంతవరకు ఆ సంగతి చెప్పలేదు.