నాలుగు లక్షలు తీసుకోలేదంటే, ఏమీ తీసుకోనట్టేనా?

సందేహం: నేను తెనాలి దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారిగా చేసి రిటైరయ్యాను. మా ఊళ్లో వడ్డీలకిచ్చే ఒకాయన నా మీద ప్రోనోటు దావా వేశారు. 2022 జూన్ 10న నేను నాలుగు లక్షలు అప్పు తీసుకుని, నూటికి రెండు రూపాయల వడ్డీకి ఒప్పుకుని, అదే రోజు సాక్షుల ముందు నోటు రాసిచ్చానట. నిజానికి అమ్మాయి పెళ్లికి నేను తీసుకున్నది లక్షన్నర. ఆ ఏడాది ఏప్రిల్లో లక్ష ఫోన్‌పేలో పంపారు, మేలో యాభై వేలు చేతికిచ్చారు. వడ్డీ రూపాయిన్నర అనుకున్నాం. స్టాంపు అంటించిన ఖాళీ నోటు మీద సంతకం చేయించుకున్నారు. 2024 చివరిదాకా నెలకు 2,250 చొప్పున ఫోన్‌పేలోనే వడ్డీ కట్టాను. దావాకు ముందు లాయరు నోటీసు వస్తే నేనే జవాబు రాసి పంపాను: "2022 జూన్ 10న నేను మీ దగ్గర నాలుగు లక్షలు తీసుకోలేదు. సాక్షులందరూ నోటు మీద సంతకం చేయలేదు. నోటులో ఏం రాశారో నాకు తెలియదు. మీరు కోర్టుకు వెళ్లినా ఇప్పట్లో ఇవ్వలేను." ఇది చూపించి, అప్పు ఒప్పుకున్నట్టేనని వాళ్లు అందరికీ చెబుతున్నారు. 'లేదు' అన్న వాక్యంలోంచి 'అవును' ఎలా వస్తుందండీ? సమన్లు అంది ఇరవై రోజులైంది.

జవాబు: లెక్క ప్రకారం మీరన్నదే సరి, మాస్టారూ. మీ మొదటి వాక్యం అసలు ఒక్క రూపాయి కూడా తీసుకోనివాడు అన్నా నిజమే. లక్షన్నర తీసుకున్నవాడు అన్నా నిజమే. జూన్ 11న నాలుగు లక్షలూ తీసుకున్నవాడు అన్నా నిజమే. అందులోంచి అప్పు ఉన్నట్టూ తేలదు, లేనట్టూ తేలదు. మీకు చిక్కు వచ్చింది సరిగ్గా అక్కడే.

"నిన్న సాయంత్రం బస్సులో విజయవాడ వెళ్లలేదు" అని ఎవరైనా అంటే వినేవాడు ఊరుకోడు. మరి రైల్లో వెళ్లావా, ఉదయం వెళ్లావా, గుంటూరు వెళ్లావా అని అడుగుతాడు. అసలు గడపే దాటనివాడు అంత పొడుగు వాక్యం చెప్పడని, "నిన్న ఎక్కడికీ కదల్లేదు" అంటాడని మనకు తెలుసు. తేదీ, మొత్తం, మనిషి, అప్పు అన్నీ ఒకే మూటగా కట్టి, చివర ఒక్క 'లేదు' తగిలిస్తే, మూటలో ఏదో ఒకటి తప్పని మాత్రమే చెప్పినట్టు. ఏది తప్పో చెప్పలేదు కాబట్టి మిగతావి ఒప్పేమోనన్న అనుమానానికి చోటిచ్చారు.

రచ్చబండ దగ్గర అది అనుమానం దగ్గరే ఆగుతుంది. కోర్టులో ఆగదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 8 అని ఉంది, ప్రతివాది తన జవాబు ఎలా రాయాలో చెప్పేది. అందులో 3వ నియమం ప్రకారం గంపగుత్తగా కాదంటే చాలదు, దావాలో చెప్పిన ఒక్కొక్క విషయాన్నీ విడిగా కాదనాలి. 4వ నియమం అయితే మీ కేసు చూసి రాసినట్టే ఉంటుంది. ఫలానా మొత్తం తీసుకున్నాడని వాది అంటే, ఆ మొత్తం తీసుకోలేదని అనడం చాలదు. ఆ మొత్తం గానీ అందులో ఏ భాగం గానీ తీసుకోలేదనాలి, లేదా ఎంత తీసుకున్నాడో చెప్పాలి. అలా స్పష్టంగా కాదననిది ఒప్పుకున్నట్టే లెక్క అంటుంది 5వ నియమం. ఈ మూడింటినీ కలిపి చదవాలని సుప్రీంకోర్టు బాదత్ అండ్ కంపెనీ కేసులో (1964) చెప్పింది. తర్కం ఇవ్వని ఫలితాన్ని ఇక్కడ చట్టం ఇస్తోందన్న మాట. నన్నడిగితే అది న్యాయమే. ఎంత తీసుకున్నారో తెలిసింది మీకు, అది చెప్పాల్సిందీ మీరే.

అయితే వాళ్లు చాటుతున్నంత నష్టమేమీ ఇంకా జరగలేదు. ఆర్డర్ 8 వర్తించేది కోర్టులో వేసే రిటన్ స్టేట్‌మెంటుకు, అంటే దావాకు ప్రతివాది రాసిచ్చే జవాబుకు. మీరు పోస్టులో పంపిన నోటీసు జవాబుకు కాదు. ఆ కాగితం ఒక సాక్ష్యం మాత్రమే. అందులో ఒప్పుకోలు ఉందని వాళ్లు చూపిస్తారు, ఏ పరిస్థితిలో అలా రాశారో మీరు చెప్పుకోవచ్చు. మీరు అసలు జవాబు ఇంకా ఇవ్వలేదు.

ఆ జవాబులో ఈ పేరా ఎలా ఉండాలంటే: "2022 జూన్ 10న గానీ మరే తేదీన గానీ ప్రతివాది వాది దగ్గర నాలుగు లక్షలు తీసుకోలేదు. 2022 జూన్ 10న అసలు ఏ డబ్బూ తీసుకోలేదు. వాది ఇచ్చింది మొత్తం లక్షా యాభై వేలు మాత్రమే. అందులో లక్ష 2022 ఏప్రిల్లో ఫోన్‌పే ద్వారా, యాభై వేలు మే నెలలో నగదుగా ఇచ్చారు. వడ్డీ నూటికి రూపాయిన్నర. నోటు మీద సంతకం ప్రతివాదిదే. సంతకం చేసేనాటికి నోటులో మొత్తం, తేదీ, వడ్డీ ఏవీ రాసి లేవు." రోజులతో సహా తేదీలు వేసుకోండి. ప్రతి 'లేదు' పక్కనా ఏది ఉందో చెప్పాం, చూశారా? మీది కాని సంతకమని మాత్రం పొరపాటున కూడా రాయకండి. నిపుణుడి దగ్గరకు పంపితే అది మీదేనని తేలుతుంది. ఆ తర్వాత మీ మిగతా మాటలన్నీ అబద్ధంలాగే వినిపిస్తాయి.

సంతకం ఒప్పుకుంటే మునిగినట్టేనని చాలామంది భయపడతారు. కొంత నిజమే. నోటు రాసిచ్చినట్టు తేలితే, డబ్బు ముట్టే ఉంటుందని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం (ప్రోనోట్లు, చెక్కుల చట్టం) 118వ సెక్షన్ ముందుగా అనుకుంటుంది. కాదని చూపించే భారం మీది. స్టాంపు కాగితం మీద సంతకం చేసి ఖాళీగా ఇస్తే, పూరించుకునే అధికారం ఇచ్చినట్టే అంటుంది అదే చట్టంలోని 20వ సెక్షన్. కానీ ఆ సెక్షన్ చివర ఒక మెలిక ఉంది, దాన్ని చాలామంది చదవరు. విలువ ఇచ్చి, మంచి నమ్మకంతో నోటును తన చేతికి తీసుకున్న మూడో మనిషికి తప్ప, ఇంకెవరికీ మీరు ఇవ్వాలనుకున్న మొత్తం కంటే ఎక్కువ వసూలు చేసుకునే హక్కు లేదు. దావా వేసింది అప్పిచ్చిన ఆయనే కాబట్టి ఆ రక్షణ మీకుంది. లక్షన్నర నిజం చెప్పినవాడికే అది పనికొస్తుంది. అసలేమీ తీసుకోలేదన్నవాడు దాన్ని వాడుకోలేడు.

డబ్బు ముట్టలేదని ఊరికే అనడం ఎదురువాదనే కాదని, నమ్మదగినదేదో కోర్టు ముందు పెట్టాలని భారత్ బ్యారెల్ కేసులో (1999) సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నమ్మదగినది మీ ఫోన్లోనే ఉంది. లక్షన్నరకు రూపాయిన్నర వడ్డీ అంటే నెలకు 2,250. మీరు కట్టింది అదే. నాలుగు లక్షలకు రెండు రూపాయల వడ్డీ అయితే నెలకు 8,000 కట్టాలి. నాలుగు లక్షల మీద 2,250 అంటే నూటికి యాభై ఆరు పైసలు, ఆ ధరకు అప్పిచ్చే వడ్డీ వ్యాపారి మన జిల్లాల్లో లేడు. రెండేళ్ల పైచిలుకు నెలనెలా అంత తక్కువ తీసుకుని ఒక్కసారీ ఎందుకు అడగలేదో ఆయన క్రాస్‌లో, అంటే ఎదుటి లాయరు ప్రశ్నించేటప్పుడు, చెప్పాలి.

నోటీసు జవాబులోని మిగతా వాక్యాలకు వస్తే, "సాక్షులందరూ సంతకం చేయలేదు" అన్నది రాయకుండా ఉండాల్సింది. ఒక్కరూ చేయలేదని మీరు అనుకున్నారు. కొందరు చేశారని వాళ్లు చదువుతారు. రెండు అర్థాలకూ ఆ వాక్యం లొంగుతుంది. పైగా ప్రోనోటుకు సాక్షి సంతకాలు తప్పనిసరి కాదు కాబట్టి ఒక్కరూ చేయకపోయినా మీకు ఒరిగేది లేదు. రిటన్ స్టేట్‌మెంటులో "నేను సంతకం చేసినప్పుడు అక్కడ సాక్షులు ఎవరూ లేరు" అని చెప్పండి, అది నిజమైతేనే.

"నాకు తెలియదు" అన్నది ఇంకా బలహీనం. తెలియదు అనడం కాదనడం కిందకు రాదని జహూరీ సాహ్ కేసు (1967) చెబుతోంది. ఎదుటివాళ్ల ఇంట్లో జరిగింది తెలియదంటే అర్థముంది గానీ, మీ సంతకం ఉన్న నోటు గురించి తెలియదంటే తప్పించుకుంటున్నట్టు ఉంటుంది.

"ఇప్పట్లో ఇవ్వలేను" అన్నది చూడటానికి నిరాకరణ, చట్టం దృష్టిలో ఒప్పుకోలు. కట్టే గడువు ఇంకా రాలేదన్నా, ఇవ్వనని మొండికేసినా, బాకీ ఉందని సంతకంతో ఒప్పుకుంటే అది ఒప్పుకోలు కిందకే వస్తుందని లిమిటేషన్ చట్టం (దావా వేసే గడువుల చట్టం) 18వ సెక్షన్ వివరణే చెబుతుంది. ప్రోనోటు దావాకు గడువు మూడేళ్లు. మీ దావా మూడేళ్లలోపే వేశారో లేదో సమన్లతో వచ్చిన కాపీలో చూసుకోండి. వేసి ఉంటే గడువు సంగతి ఎలాగూ రాదు. అయినా ఎంత బాకీకి ఇవ్వలేనన్నారో ఇప్పుడు వివరించక తప్పదు.

తర్వాత సాక్ష్యం రోజు. క్రాస్‌లో అవతలి లాయరు మీ మీద మోపి, మీరు కాదన్న ప్రతి మాటా డిపోజిషన్లో (కోర్టు రాసుకునే మీ వాంగ్మూలంలో) "...అనడం నిజం కాదు" అన్న తోకతో ఎక్కుతుంది. "నేను నాలుగు లక్షలు తీసుకుని, నోటు రాసిచ్చి, ఎగ్గొట్టడానికి అబద్ధం చెబుతున్నాననడం నిజం కాదు." మళ్లీ మూట, మళ్లీ ఒక్క 'కాదు'. మీరు అక్కడ ఆపి, "సంతకం చేశాను, నాలుగు లక్షలు తీసుకోలేదు" అని విడదీసి చెప్పాలి. "ఖాళీ నోటు అని మీరు అప్పట్లో ఎవరికీ చెప్పలేదు కదా?" అని అడిగితే ఉత్త 'అవును' అనకండి. అది చెప్పాననీ అవుతుంది, చెప్పలేదనీ అవుతుంది. "చెప్పలేదు" అనో "చెప్పాను" అనో పూర్తి మాట అనండి. అవతలి లాయరు మోపిన మాట మీరు కాదన్నాక దానికదే సాక్ష్యం కాదు, కాబట్టి కంగారు పడి ఎక్కువ మాట్లాడాల్సిన పని లేదు. సంతకం పెట్టేముందు డిపోజిషన్ చదువుకోండి. రెండు 'లేదు'లు పడిన వాక్యాల దగ్గర నెమ్మదిగా చదవండి. "ఖాళీ నోటు మీద సంతకం చేయలేదనడం నిజం కాదు" అంటే చేశారనే అర్థం, మీ కేసుకు కావలసిందీ అదే.

రిటన్ స్టేట్‌మెంటుకు సమన్లు అందిన నాటి నుంచి 30 రోజులు. కారణం చూపితే కోర్టు 90 రోజుల దాకా ఇవ్వచ్చు. అంతకు మించి ఇవ్వడం కూడా పూర్తిగా మూసుకుపోలేదని 2005లో కైలాష్ కేసు చెప్పింది గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. ఒకసారి ఒప్పుకోలు రాసి దాఖలు చేశాక సవరణతో వెనక్కి తీసుకోవడం కష్టమని 1976లోనే మోదీ స్పిన్నింగ్ కేసులో తేలిపోయింది, విచారణ మొదలయ్యాక మరీ కష్టం. అందుకే మీకు మిగిలిన పది రోజుల్లో జవాబు మీరే రాసుకోకుండా లాయరు చేత రాయించండి. ఆయన దగ్గరకు వెళ్లేముందు 2022 ఏప్రిల్ నుంచి 2024 చివరిదాకా మీ ఖాతా స్టేట్‌మెంటు బ్యాంకు ధ్రువీకరణతో తెచ్చుకోండి. ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు కూడా పెట్టదలిస్తే వాటికి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి. కేసు తేలేదాకా ఆ ఫోన్ అమ్మకండి, రీసెట్ చేయకండి.