కెమెరా కొన్న మేనకోడలికి

చి. సుధకు, మామయ్య ఆశీస్సులు.

కెమెరా కొన్నావని, పెద్ద లెన్సు కూడా కావాలంటున్నావని అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఇప్పుడే వద్దు. గుంటూరులోనే ఉన్నావు కదా, ముందు ఉప్పలపాడు వెళ్ళు. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు అక్కడ ఊరిని ఆనుకున్న చెరువులోనే ఉంటాయి. ఎండ ముదరకముందే చేరుకో.

పక్షి కన్నూ ముక్కూ నిండుగా వచ్చేలా అందరూ తీస్తారు. నువ్వూ తియ్యి, సరదా తీరుతుంది. తర్వాత నాలుగడుగులు వెనక్కి వచ్చి, గూడు దేనిమీద ఉందో కూడా కనబడేలా తియ్యి. చెట్లు చాలక అక్కడ ఇనుప స్టాండ్లు పెట్టారు, వాటిమీద కూడా పక్షులు కాపురం చేస్తాయి. క్లోజప్‌లో ఆ ఇనుము కనబడదు. సూళ్ళూరుపేట దగ్గరి నేలపట్టులో ఇవే గూడబాతులు నీళ్ళలో నిలబడ్డ చెట్లమీద గూళ్ళు కడతాయి. వీలైతే అక్కడా ఒకటి తీసి, రెండూ పక్కపక్కన పెట్టి నలుగురికీ చూపించు. "మరి ఇక్కడ చెట్లేమయ్యాయి?" అని ఒక్కరైనా అడుగుతారు. "ఎంత బాగుందో" అనే వంద మాటలకంటే నాకు ఆ ప్రశ్నే ఇష్టం.

గూళ్ళ దగ్గర మాత్రం ఆశపడకు. తల్లి లేచిపోతే గుడ్లకి నీడ ఉండదు, కాకులు కాచుకునే ఉంటాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం గూళ్ళ జోలికి పోవడాన్ని కూడా వేట కిందే లెక్కవేస్తుంది. పిట్ట మేత మానేసి నీవైపే చూస్తోందంటే నువ్వు మరీ దగ్గరికి వచ్చేశావన్నమాట. అడ్డొచ్చిన కొమ్మలు విరిచేవాళ్ళతో అసలు వెళ్ళకు, వాళ్ళెంత పేరున్నవాళ్ళైనా సరే.

తేదీ, చోటు, ఎన్ని పక్షులున్నాయో రాసుకో. పక్షి కాలికి పరిశోధకులు తొడిగిన రింగు ఉంటే దానిమీద అక్షరాలు చదవగలిగేలా తియ్యి, ఫొటో అందంగా రాకపోయినా ఫర్వాలేదు. కలివికోడి అనే అరుదైన పిట్ట సంగతే చూడు. 1900 తర్వాత ఎవరికీ కనబడక, 1986లో కడప జిల్లాలో మళ్ళీ బయటపడింది. రాత్రిళ్ళు తిరిగే పిట్ట కాబట్టి తర్వాతి రోజుల్లో పొదల మధ్య ఆటోమేటిక్ కెమెరాలు పెట్టి, ఇసుకలో అడుగుజాడలు చూసి వెతికారు. అది ఉండే చోటు తెలిసింది కాబట్టే తెలుగుగంగ కాలువ దారి మార్చగలిగారు. ఆ పనికి ఎగ్జిబిషన్‌లో పెట్టే ఫొటోలు అక్కర్లేదు, ఫలానా చోట ఉందని చూపించేవి చాలు. అయితే అలాంటి అరుదైనది నీకు కనబడితే చోటు ఫేస్‌బుక్‌లో పెట్టకు. ఫారెస్టు వాళ్ళకి చెప్పు, చాలు.

ఇంకొకటి. లైకుల కోసం చూసుకునే ముందు ఆ ఊరి బడికి నాలుగు ప్రింట్లు ఇవ్వు. రేపు చెరువు సంగతి మాట్లాడాల్సింది అక్కడి పిల్లలే. మామూలు కాగితం వద్దు, ఎండకి నెలలోనే వెలిసిపోతుంది. ఖర్చు నేను పంపుతాను.

మీ మామయ్య