చిన్నికి పెదనాన్న రాసేది

చిన్నీ,

నువ్వు జర్మనీ వెళ్తానంటున్నావని మీ నాన్న రాత్రి పదిన్నరకి ఫోన్ చేశాడు. "బీకాం పిల్లకి ప్రోగ్రామర్ వీసా ఎవడిస్తాడన్నయ్యా" అని వాడి టెన్షన్ వాడిది. నాకు మాత్రం గర్వంగానే ఉంది. సొంతంగా కోడింగ్ నేర్చుకుని నాలుగేళ్లుగా ఉద్యోగం చేస్తున్నావు, మాటలా!

డిగ్రీ గురించి భయపడకు. 2023 నవంబర్ నుంచి జర్మనీలో ఐటీ వాళ్లకి డిగ్రీ లేకపోయినా బ్లూ కార్డు, అంటే నైపుణ్యం ఉన్నవాళ్లు అక్కడ ఉండి పనిచేసుకునే పర్మిట్, ఇస్తున్నారు. గత ఏడేళ్లలో మూడేళ్ల అనుభవం ఉండాలి. అదీ డిగ్రీ చదివినవాళ్లు చేసే స్థాయి పని అయ్యుండాలి. జీతం 2025 లెక్కన ఏడాదికి దాదాపు 43,760 యూరోలు ఉండాలి, ఏటా ఆ అంకె మారుతుంది. ఆఫర్ లెటర్ వచ్చాకే మిగతా హడావిడి.

నా భయమంతా ఆ అనుభవం కాగితం మీదే.

2005 సంక్రాంతికి సెలవివ్వలేదని మేనేజర్‌తో గొడవపడి, ఐడీ కార్డు వాడి బల్లమీద పడేసి వచ్చేశాను. ఏడాది రెండు నెలలు పనిచేసిన చోట ఎక్స్‌పీరియన్స్ లెటర్ కూడా అడగలేదు. పొగరు! వెంటనే ఇంకో ఉద్యోగం దొరికింది, ఆ సంగతే మర్చిపోయాను. 2007లో ఒక కంపెనీ నాకు హెచ్‌1బీ, అదే అమెరికాలో పనిచేసే వీసా, వేస్తానంది. నాది మూడేళ్ల బీఎస్సీ. అమెరికాలో డిగ్రీ నాలుగేళ్లు కాబట్టి, తక్కువైన ఆ ఒక్క ఏడాదికి బదులు మూడేళ్ల అనుభవం చూపించాలి. ఆ పద్నాలుగు నెలలూ కలిపితే నాకు సరిపోతుంది, తీసేస్తే చాలదు. పరుగెత్తుకుంటూ పాత ఆఫీసుకి వెళ్తే అక్కడ లేడీస్ హాస్టల్ బోర్డు ఉంది. బాల్కనీలో బట్టలు ఆరేసి ఉన్నాయి. వాచ్‌మన్ నన్ను పైకి కూడా ఎక్కనివ్వలేదు.

పే స్లిప్పులైనా ఉంటాయేమోనని ఇల్లంతా వెతికాం. చివరికి మీ నాయనమ్మ ట్రంకుపెట్టెలో చీరల కింద పరిచిన కాగితాల్లో రెండు దొరికాయి, కలరా ఉండల వాసనతో. రెండింటితో ఏమవుతుంది? ఈలోగా వీసా అప్లికేషన్లు తీసుకునే ఏప్రిల్ వచ్చింది, మొదటి రోజే ఆ ఏటి కోటాకి మించి పడ్డాయి. మరుసటి ఏడాది రిసెషన్, ఆ కంపెనీ మళ్లీ పిలవలేదు. మీ పెద్దమ్మ ఇప్పటికీ సంక్రాంతి వస్తే దెప్పుతుంది.

అందుకని, "సాఫ్ట్‌వేర్ డెవలపర్‌గా పనిచేసింది" అని ఒక్క ముక్క రాసిస్తే తీసుకోకు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ సిస్టమ్ కట్టావు, ఏ నిర్ణయాలు నువ్వు తీసుకున్నావు, అన్నీ ఉండాలి. మీ మేనేజర్ వచ్చే నెల మానేస్తున్నాడన్నావుగా, సోమవారమే అడుగు. మొహమాటపడకు.

ఇంకోటి. పాత తేదీతో బీటెక్ ఇప్పిస్తామనీ, ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెడతామనీ ఎవడైనా వస్తే నాకు చెప్పు, వాడి సంగతి నేను చూస్తాను. అమెరికాలో అయితే అలా దొరికినవాళ్లకి జీవితాంతం తలుపు మూసేసే చట్టమే ఉంది. నీకా ఖర్మేంటి తల్లీ, నీ పని నిజమైంది.

కోపంగా రాశాననుకోకు. లెటర్ చేతికి రాగానే ఫొటో తీసి పంపు. ఆ రెండు స్లిప్పులూ ఇంకా పెట్టెలోనే ఉన్నాయి, వచ్చినప్పుడు చూపిస్తాను.

పెదనాన్న