మొగ్గ, మొగ్గు: రెండూ ఒకటేనా?

కావు. ‘మొగ్గ తొడగడం’లోని మొగ్గ నామవాచకం. చాలామంది దాన్ని విచ్చుకోని పువ్వనే అనుకుంటారు గానీ, వృక్షశాస్త్రంలో దాని పరిధి ఇంకా పెద్దది. ఇంకా ఎదగని, కుదించుకుని ఉన్న కొమ్మ కూడా మొగ్గే. కాండం చివర ఉంటే కొన మొగ్గ, ఆకు కాండాన్ని కలిసే మూలలో ఉంటే గ్రీవపు మొగ్గ. కొన మొగ్గ దగ్గర తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ కింది మొగ్గలను ఎదగనివ్వదు. అందుకే కొన తుంచితే మొక్క గుబురుగా పెరుగుతుంది. బంగాళాదుంప మీది ‘కళ్లు’ కూడా మొగ్గలే. లవంగమైతే ఎండిన పూమొగ్గ: దాని తలమీది చిన్న గుండు విచ్చుకోని రేకులు, చుట్టూ ఉన్న నాలుగు ముళ్లలాంటివి రక్షక పత్రాలు.

‘మొగ్గు’కు అసలు అర్థం ఒకవైపు వంగడం, ఒరగడం. త్రాసు ఒకవైపు మొగ్గుతుంది. అక్కడి నుంచే ‘మొగ్గు చూపడం’, అంటే ఒకదాన్ని ఇష్టపడటం. ‘అటు మొగ్గ చూపారు’ అని రాస్తే తప్పు.

‘పిల్లిమొగ్గ’ సంగతి వేరు. అది తలకిందులుగా వేసే గంతు, మొక్కలతో పని లేదు.