రూపాయల్లో కట్టినా ఫారిన్ చార్జీ ఎందుకు?

ప్రశ్న: కుట్టుమిషన్ విడిభాగం ఒకటి అమెరికా సైటులో 80 డాలర్లకు దొరికింది. పేమెంట్ పేజీలో రూపాయల్లో కట్టే వీలుంటే అదే నొక్కి, క్రెడిట్ కార్డుతో రూ.7,560 కట్టాను. తర్వాత స్టేట్‌మెంటులో 75.60, 13.61 అంటూ మరో రెండు పద్దులు కనిపించాయి. రూపాయల్లోనే కట్టాను కదా, ఇవేమిటి?
– పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ దగ్గర మార్పిడి ఖర్చు రెండు చోట్ల తీసుకున్నారు. మీకు కనిపించింది చిన్నది. పెద్దది రేటులోనే ఉంది.

7,560ని 80తో భాగించండి, డాలరుకు 94.50 పడింది. ఆ రోజు వీసా లేదా మాస్టర్‌కార్డ్ రేటు 90 అనుకుందాం. పైన వేసిన నాలుగున్నర రూపాయలు, అంటే 5 శాతం, అమ్మకందారు వైపు మార్పిడి చేసినవాళ్లకు పోయాయి. ఇలా అమ్మకందారు వైపే రూపాయల్లోకి మార్చడాన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్, పొట్టిగా డీసీసీ అంటారు. ఇక బ్యాంకు సంగతి. అమ్మకందారు విదేశంలో నమోదై ఉంటే, బిల్లు రూపాయల్లో ఉన్నా బ్యాంకు లెక్కలో అది అంతర్జాతీయ లావాదేవీయే. దానిపై చాలా బ్యాంకులు 1 శాతం ఫీజు వేస్తున్నాయి. అదే మీ 75.60. ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్‌టీ 13.61. వెరసి రూ.7,649.21.

డాలర్లలోనే కట్టి ఉంటే అసలు 7,200. విదేశీ కరెన్సీ ఖర్చుపై బ్యాంకు వేసే అదనపు చార్జీని మార్కప్ అంటారు. అది 3.5 శాతం అనుకుంటే 252, దానిపై జీఎస్‌టీ 45.36. మొత్తం రూ.7,497.36. దాదాపు 152 మిగిలేది. మార్కప్ 2 శాతమే ఉన్న కార్డయితే రూ.7,369.92తో సరిపోయేది. మీ కార్డు మార్కప్ ఎంతో బ్యాంకు చార్జీల పట్టికలో ఉంటుంది, కొనే ముందే చూడండి.

రూపాయల గడికి ముందే టిక్కు పెట్టి ఉంచడం ఇలాంటి చాలా సైట్ల అలవాటు. పైగా చాలాచోట్ల కార్డు నంబరు కొట్టాక గానీ అది కనపడదు. అందుకే చివరి బటన్ నొక్కే ముందు ఆగి, కరెన్సీని డాలర్లకు మార్చండి. పేపాల్‌లో అయితే ‘కన్వర్షన్ ఆప్షన్స్’ తెరిచి, మార్పిడిని కార్డు బ్యాంకుకే వదిలేయాలి.

రూపాయల ధర చూపే ప్రతి సైటూ ఇలాంటిదే అనుకోవద్దు. భారత్‌లో నమోదైన సంస్థ ద్వారా వసూలు చేసేవాటికి ఈ ఫీజు లేదు. తేల్చుకోవడానికి ఒక దారి ఉంది: బ్యాంకు యాప్‌లో కార్డు ‘ఇంటర్నేషనల్’ స్విచ్ ఆపేసి కట్టి చూడండి. చెల్లింపు వెళ్లిపోతే అది దేశీయం. ఆగిపోతే సొమ్ము విదేశానికి వెళ్తోందన్నమాట. అప్పుడు స్విచ్ వేసి, డాలర్లలో కట్టి, వెంటనే మళ్లీ ఆపేయండి. చాలా విదేశీ సైట్లు ఓటీపీ అడగవు కాబట్టి దాన్ని వేసి ఉంచడం మంచిది కాదు.

ప్రశ్న: 60 యూరోల బూట్లు తిప్పి పంపాను. అమ్మినవాళ్లు పూర్తి సొమ్ము వాపసు ఇచ్చామంటున్నారు, నాకు మాత్రం మూడొందలకు పైగా తగ్గింది.
– పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: వాళ్లు 60 యూరోలూ ఇచ్చే ఉంటారు. కొన్ననాటి రేటు 100, వాపసు నాటి రేటు 99 అనుకుంటే అక్కడే 60 రూపాయలు తేడా. కొన్నప్పుడు 3.5 శాతం లెక్కన పడిన మార్కప్ 210, దానిపై జీఎస్‌టీ 37.80 సాధారణంగా వెనక్కి రావు. మొత్తం 307.80. మార్కప్ తిరిగి ఇస్తారేమో బ్యాంకును రాతపూర్వకంగా అడగండి, కొన్ని బ్యాంకులు ఒప్పుకుంటాయి. మనసు మారితే సరుకు బయల్దేరకముందే, వీలైతే అదే రోజు, ఆర్డరు రద్దు చేయండి. సొమ్ము సెటిల్ కాకముందే రద్దయితే బ్లాక్ అయిన మొత్తం విడుదలవుతుంది, మార్కప్ పడదు.

మీరు యూరోలు ఎంచుకున్నా రూపాయల్లో బిల్లు వేస్తే అది వేరే సంగతి. మిమ్మల్ని అడగకుండా డీసీసీ చేయడం వీసా, మాస్టర్‌కార్డ్ వంటి కార్డు నెట్‌వర్క్‌ల నిబంధనలకు విరుద్ధం. పేమెంట్ పేజీ స్క్రీన్‌షాట్, రసీదు జతచేసి ఆ బిల్లు ఒప్పుకోనంటూ బ్యాంకులో ఫిర్యాదు (డిస్‌ప్యూట్) వేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

ప్రశ్న: డెబిట్ కార్డు వాడితే ఈ చార్జీలు తప్పుతాయా?
– పాఠకుడు, మంగళగిరి రోడ్డు, గుంటూరు

జవాబు: తప్పవు. డెబిట్ కార్డుకూ మార్కప్, జీఎస్‌టీ ఉంటాయి. పైగా గొడవ వస్తే, తేలేదాకా ఇరుక్కునేది మీ ఖాతాలోని సొమ్మే.