కింగ్ లియర్‌ను గైడులోంచి కాదు, మూలంలోంచి చదవండి

షేక్‌స్పియర్ రాసిన 'కింగ్ లియర్' నాటకంలోని పాత్రలనూ ప్రధాన విషయాలనూ ఎం.ఏ. ఇంగ్లీషు పరీక్షకు ఎలా చదువుకోవాలని అడిగారు. అదే నాటకాన్ని శ్రీకాకుళంలో చదువుకున్నవాణ్ణి గనుక నాకు పనికొచ్చిన పద్ధతి చెబుతాను.

ముందు గైడును పక్కన పెట్టి, లియర్ ఎక్కడెక్కడ లెక్కపెడుతున్నాడో పెన్సిలుతో గుర్తుపెట్టుకుంటూ మూలం చదవండి. మొదటి దృశ్యంలో రాజ్యపటం ముందు పెట్టుకుని, తనమీద ఎవరికి ఎక్కువ ప్రేమ ఉందో చెప్పమని ముగ్గురు కూతుళ్ళనూ అడిగి, వాళ్ళ మాటల బరువును బట్టి భూమి పంచుతాడు. రెండో అంకం చివర, ఆయన నూరుగురు యోధుల పరివారాన్ని పెద్ద కూతురు గోనెరిల్ యాభైకీ, రెండో కూతురు రీగన్ ఇరవై అయిదుకీ తగ్గించమంటే, యాభై ఇరవై అయిదుకు రెట్టింపు కాబట్టి నీ ప్రేమ ఆమె ప్రేమకు రెట్టింపని గోనెరిల్‌తో అంటాడు. అంత అవమానం జరిగాక కూడా ఆ తండ్రి ప్రేమను తలలెక్కతోనే కొలుస్తున్నాడు. ఇది కృతఘ్నులైన కూతుళ్ళ కథ అని రాసే ప్రతి జవాబూ, తప్పు ఆయన అడిగిన ప్రశ్నలోనే మొదలైందన్న సంగతిని వదిలేస్తుంది.

నాకు ఈ సంగతి తరగతి గదిలో బోధపడలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను ఉద్దానంలోని మా ఊళ్ళో ఉన్నాను. పెంకులు ఎగిరిపోతున్న ఇంట్లో రాత్రంతా గోడవార కూర్చుని, గాలి తగ్గాక తాతయ్య వెంట తోటకు వెళితే, ఆయన చేత్తో నాటిన కొబ్బరిచెట్లు వరసలకు వరసలు నేలకూలి ఉన్నాయి, జీడిమామిళ్ళు వేళ్ళతో సహా పైకి లేచి ఉన్నాయి. ఏ చెట్టు ఎన్ని కాయలు కాస్తుందో నోటిమీద చెప్పగలిగిన మనిషి, ముగ్గురు కొడుకులకూ చెట్ల లెక్కన భాగాలు పంచిన మనిషి, ఆ ఉదయం పడిన చెట్లను లెక్కపెట్టలేదు. చాలాసేపు అలాగే నిలబడి, "మన తోటలో పన్జేసినోల్ల పాకలు ఏటయిపోనాయో, సూసొద్దాం రా బాబూ" అన్నాడు. అంతకుముందు ఆయన ఆ వీధిలో అడుగుపెట్టగా నేను చూడలేదు.

కొన్ని నెలల తర్వాత మూడో అంకం నాలుగో దృశ్యం చదువుతూ పుస్తకం మూసి ఊరికే కూర్చుండిపోయాను. తుపానులో తడుస్తున్న లియర్ ఒక గుడిసె ముందు ఆగి, నువ్వు ముందు వెళ్ళమని విదూషకుణ్ణి పంపి, తలదాచుకునే చోటులేని పేదలు ఇలాంటి రాత్రులు ఎలా గడుపుతారో తాను ఇన్నాళ్ళూ పట్టించుకోలేదని ఒప్పుకుంటాడు. నాలుగో అంకంలో కళ్ళు పోగొట్టుకున్న గ్లాస్టర్ ప్రభువు కూడా డబ్బుసంచి ఒక బిచ్చగాడికిచ్చి, ప్రతివాడికీ చాలినంత దక్కాలంటాడు. ఆ బిచ్చగాడు మారువేషంలో ఉన్న సొంత కొడుకు ఎడ్గరే. ఈ రెండు చోట్లనూ పక్కపక్కన పెట్టుకుంటే అంధత్వం, పేదరికం, రాజరికం అని వేర్వేరు శీర్షికలు బట్టీపట్టనక్కర్లేదు, మూడూ అక్కడే కలిసి ఉన్నాయి.

పరీక్షల ముందు జిరాక్సు షాపుల్లో అమ్మే నోట్సులంటే నాకు కోపం. నేను కొన్నదానిలో విదూషకుడికి రెండు వాక్యాలు, లియర్‌కు 'అమాయకుడైన వృద్ధుడు' అనే బిరుదు ఉన్నాయి. 1681లో నేహమ్ టేట్ అనే కవి, మూలంలో చనిపోయే చిన్నకూతురు కార్డీలియాను బతికించి, ఎడ్గర్‌తో పెళ్ళి కుదిర్చి తిరగరాసిన సుఖాంతమే నూటయాభై ఏళ్ళకు పైగా ఇంగ్లండు రంగస్థలాన్ని ఏలింది. లియర్ తప్పును కప్పిపుచ్చే ఈ నోట్సులదీ అదే దారి.

చివరి దృశ్యంలో కార్డీలియా శవం దగ్గర లియర్, ఈ గుండీ కాస్త విప్పండని పక్కనున్నవారిని బతిమాలి, అయ్యా అని సంబోధించి కృతజ్ఞత చెబుతాడు. మొదటి దృశ్యానికి తిరిగి వెళ్ళి, అక్కడ ఆయన ఎవరికైనా కృతజ్ఞత చెప్పాడేమో వెతికి చూడండి.